ఆస్పత్రి వరండాలో బదులాళ్లు

హోసూరు వెళ్లొచ్చానంటే మా కాకినాడలో అందరూ అడిగింది ఒక్కటే, అక్కడ చూడ్డానికి ఏముందని. చలి ఉంది, గులాబీ తోటలున్నాయి, మామిడి పూత మీదుంది అని వరసగా చెప్పుకొచ్చాను. ఎవరికీ ఆనలేదు. ఇక దాచడం దేనికి, నేను వెళ్లి చూసొచ్చింది ఒక ఆస్పత్రి వరండాని. నవ్వుకుంటే నవ్వుకోండి. తిరుపతి వెళ్లాను, కాశీ వెళ్లాను, ఊటీలో పడవెక్కాను. ఆ వరండాలో నేలమీద కూర్చున్నంత గర్వంగా మాత్రం ఎక్కడా కూర్చోలేదు.

ముందే చెప్పేస్తున్నాను, ఆ ఆస్పత్రి పేరు రాయను. ఏ ఊళ్లో ఉందో కూడా రాయను. రాస్తే ఆ ఒక్కదాన్నీ తిట్టుకుని మిగతావాటిని వదిలేస్తాం. నేను కుట్టుపని నేర్పుకుంటూ బతికే మనిషిని, పెద్ద పెద్ద మాటలు రావు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది, మా ఆయన్ని అడిగితే చెబుతారు.

హోసూరు

మా అక్క కూతురు సుధ హోసూరులో సెల్‌ఫోన్ భాగాలు బిగించే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. వరంగల్ పిల్ల ఒకతి, శ్రీకాకుళం పిల్ల ఒకతి, మా సుధ, ముగ్గురూ కలిసి ఒక గదిలో ఉంటారు. "పిన్నీ, ఒక్కసారి రా" అని ఏడాదిగా పోరుతుంటే రెండు కాజాల డబ్బాలు సర్దుకుని బయల్దేరాను. నాలుగు రోజులుండి వచ్చేద్దామనుకున్నాను.

బస్సు దిగగానే చలి చెవుల్లో దూరింది. మా ఊళ్లో సంక్రాంతి నాటికి కూడా ఫ్యాను ఆపం, అలాంటిది ఇక్కడ మధ్యాహ్నం కూడా జనం స్వెట్టర్లతో తిరుగుతున్నారు. బోర్డులన్నీ తమిళం, బేరాలు మాత్రం తెలుగు. టీ పదిహేను రూపాయలట, గ్లాసేమో బొటనవేలంత. టౌను బస్సులో టికెట్ కోసం డబ్బులు చాపితే కండక్టరు నావైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఆడవాళ్లకు టికెట్ లేదని సుధ చెప్పేదాకా, నేనేదో తప్పు చేశాననే అనుకున్నాను.

గదిలో ముగ్గురు పిల్లలూ షిఫ్టుల మధ్య వంట పంచుకుంటారు. ఒకతి జ్వరంతో పడుకుంటే మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు సెలవు పెట్టాలి, సెలవు పెడితే జీతం కోత. దిక్కులేని ఊళ్లో జబ్బు పడకూడదు పిన్నీ అంది సుధ. ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

కెలవరపల్లి

ఆదివారం సుధ నన్ను కెలవరపల్లి డ్యాము చూపించడానికి తీసుకెళ్లింది. దక్షిణ పెన్న మీద కట్టిన డ్యామిది. దూరం నుంచి చూసి నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయనుకుని మురిసిపోయాను. దగ్గరికెళ్తే అది నురగ. బట్టలుతికిన బకెట్టు బోర్లించినట్టు గట్టు వెంబడి తేలుతోంది. బెంగళూరంతా వాడుకుని వదిలిన నీళ్లు ఇటే వస్తాయని, ఈ నీళ్లలో దిగితే దురదలు పుడతాయని అక్కడి వాళ్లు మామూలుగా చెప్పారు. ఎవరో వాడుకున్నవి, ఇంకెవరికో దురదలు. అక్కడే నాకు ఒళ్లు మండడం మొదలైంది.

ఆ మంటలో చూసుకోకుండా అడుగేశాను, చెప్పు ఉంగటం పుటుక్కున తెగింది. ఒంటికాలి మీద గెంతుతుంటే పక్క పొలంలో గొర్రెల మంద దగ్గరున్న ఒక పెద్దావిడ రమ్మని చెయ్యూపింది. పేరు మునెమ్మ. ఊరు వేప్పనపల్లి దగ్గర. ఎరువు కోసం రైతులు పొలంలో మంద కట్టించుకుంటారు కదా, ఆ పనిమీద వాళ్లాయన ఇక్కడున్నాడు, ఆయనకు సంగటి తెచ్చిందట. నా చెప్పుకు చిన్న తీగముక్క గుచ్చి బిగిస్తూ అడిగింది.

"యాడనుంచి వచ్చినావమ్మా? మాటేమో మనదే, యాస మనది కాదు."

కాకినాడ అన్నాను. కాజా పెట్టాను. ఒకటి తిని, ఇంత తీపి తింటే మీకు రోగాలు రావా అంది. నేను నవ్వితే ఆమె నవ్వలేదు. మళ్లా అదే గొంతుతో, రేపు కాక ఎల్లుండి ఒక పిల్లను ఆస్పత్రికి తీసుకుపోతున్నామని, బదులాళ్లందరూ ఊళ్లో చేరాలని, అందుకే తొందరగా బస్సెక్కాలని చెప్పింది. బదులాళ్లంటే ఎవరని అడిగాను. ఆ అడగడమే నా నాలుగు రోజుల ప్రయాణాన్ని పది రోజులు చేసింది.

వాళ్ల పల్లెల్లో కూలి పెట్టి కలుపు తీయించుకునే స్తోమత చాలామందికి లేదు. ఈరోజు నీ చేలోకి నేను వస్తాను, రేపు నా చేలోకి నువ్వు రావాలి. దాన్నే బదులు అంటారు, అలా వచ్చేవాళ్లు బదులాళ్లు. మా గోదావరి వైపు కూడా పూర్వం ఇలాంటిది ఉండేదని మా అమ్మమ్మ చెప్పేది, ఇప్పుడు అంతా కూలే. కొన్నేళ్ల కిందట మునెమ్మ కోడలు ఆస్పత్రిలో పడితే, రాగి కోతల రోజుల్లో పక్కన కూర్చోడానికి ఇంట్లో మనిషి లేకపోయింది. పక్కింటామె వెళ్లి కూర్చుంది. ఆమె చేలో కోతకు మునెమ్మ వెళ్లి బదులు తీర్చింది. అప్పటినుంచి ఆడవాళ్లంతా ఒక మాట అనుకున్నారు, ఆస్పత్రిలో ఒక దినం అంటే చేలో ఒక దినమే. ఎవరూ ఎవరికీ ఉపకారం చేసినట్టు కాదు, ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

"నువ్వూ రామ్మా. ఆడ కూసునేకి మనిషి ఎక్కువైతే మంచిదే," అంది మునెమ్మ.

సుధ నా మోచెయ్యి గిల్లింది. నేను అప్పటికే వస్తానని చెప్పేశాను.

వేప్పనపల్లి

మర్నాడు ఉదయం బస్టాండులో బోర్డు చదవడం రాక ఒక బస్సెక్కాను. అది బాగలూరు వెళ్లే బస్సు. సగం దారిలో ఒక ముసలాయన "వేప్పనపల్లికి ఇట్ల పోతే ఎప్పుడు చేరేది తల్లీ" అని దగ్గరుండి దింపి, ఎదురుగా వచ్చే బస్సు ఆపి ఎక్కించాడు. మొత్తానికి మధ్యాహ్నానికి చేరాను. దారి పొడవునా మామిడి తోటలు, ఊరు దాటితే అటు కుప్పం, చెవికి పూర్తిగా తెలుగే. తమిళనాడులో ఉన్నానని గుర్తు చేసింది మైలురాళ్లు మాత్రమే.

మునెమ్మ ఇంట్లో రాగిసంగటి, పితికిపప్పు కూర. అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్లతో పితికి తోలు తీసి వండుతారు. ఎంత ఓపికండీ! సంగటిని నేను బుద్ధిగా నములుతుంటే ఇంటిల్లిపాదీ వచ్చి చోద్యం చూశారు. నమలకూడదట, కూరలో అద్ది మింగేయాలట. మింగబోయి గొంతుకు అడ్డం పడి కళ్లనీళ్లు తెచ్చుకున్నాను. కూర మాత్రం మళ్లా మళ్లా వేయించుకున్నాను.

తిన్నాక మునెమ్మ నన్ను కొండవార ఉన్న ఇరుళ కాలనీకి తీసుకెళ్లింది. పది పన్నెండు ఇళ్లు. అడవిలో తేనె, దుంపలు తెచ్చుకుని బతికినవాళ్లు, ఇప్పుడు అడవిలోకి వెళ్లనివ్వరు, పుల్లలు ఏరినా అరుస్తారు. సెంటు భూమి ఎవరికీ లేదు. మునెమ్మ చూపిన ఇంట్లో మాది అనే పేరుగల ఒకావిడ ఉంది. ఆమె కూతురు రంగి, ఎనిమిదో నెల. భర్త ఇటుకల బట్టీలో పనికి కర్ణాటక వెళ్లాడు. పిల్ల కనురెప్పల లోపల చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. ఊరి నర్సమ్మ చూసి, రక్తం బొత్తిగా లేదు, వెంటనే ఆస్పత్రిలో చేరి రక్తం ఎక్కించుకోకపోతే కాన్పులో తల్లి దక్కదని చెప్పేసింది.

రంగి చేరనంటోంది. ఆ పిల్లను ఎవరూ తప్పు పట్టలేరు. మొదటి కాన్పుకు నొప్పులతో అదే ఆస్పత్రికి వెళ్లింది. తల్లిని గేటు బయటే ఆపేశారు. లోపల ఈమె దగ్గర వాసనొస్తోందని ఎవరో ముక్కు మూసుకున్నారు, ఇంకెవరో నవ్వారు, అరిస్తే కసిరారు. ఒంటరిగా బెంచీ మీద కూర్చుని కూర్చుని, తెల్లవారేలోపే లేచి వచ్చేసింది. దారిలో మామిడి తోటలో బిడ్డ పుట్టింది. బతకలేదు. ఆస్పత్రి వాళ్ల లెక్కలో మాత్రం, చెప్పకుండా పారిపోయిన మనిషి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇరుళవాళ్లను బదుల్లో చేర్చుకునేటప్పుడు మునెమ్మ ఊళ్లో పెద్ద గొడవే జరిగిందట. చేను లేనివాళ్లు బదులెలా తీరుస్తారని కొందరు. పాపం, ఊరికే చేసిపెడదాం, పుణ్యమొస్తుందని ఇంకొందరు. కల్లంలో అందరూ కూర్చుని ఇలా మాట్లాడుకుంటుంటే, పిలవకుండానే మాది వచ్చి మధ్యలో నిలబడిందట. ఆ రోజన్న మాట నా ముందు మళ్లీ అనమంటే అంది.

"ఊరికే వచ్చినోళ్ల దగ్గిర ఊరికే మాట పడాల. మాకొద్దమ్మా. మీరు పడుకున్నప్పుడు మేమొచ్చి కూసుంటాము. మేము పడుకున్నప్పుడు మీరు రండి. అట్లయితే రండి, లేకుంటే వద్దు."

దానికి ఊళ్లో సగంమంది ఆడవాళ్లు నోరు తెరిచారు. ఇరుళామె మన మంచం పక్కన కూర్చుని మన నోట్లో నీళ్లు పోస్తుందా అని. మునెమ్మ కూడా వెంటనే ఒప్పుకోలేదట, నాకూ లోపల గునిసింది అని దాచకుండా చెప్పింది. నాలుగు రోజులు ఆలోచించి, తన కంటి ఆపరేషన్‌కు కోడల్ని వద్దని మాదిని తోడు తీసుకుపోయింది. కంటికి గుడ్డ కట్టుకుని, మాది చేత్తోనే తిని, తాగి, తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా మాదే వెళ్లి కూర్చుంది. అంటే ఇప్పుడు బదులు పడి ఉన్నది ఊరివాళ్లే. మాదికి ఆరు దినాలు తీర్చాలి.

రంగి అంతసేపూ గోడకు తిరిగి పడుకుంది. చివరికి అటు తిరిగే, మీరు మధ్యలో లేచిపోకుండా ఉంటేనే వస్తానంది.

గేటు దగ్గర

పొద్దున్నే కుట్టియానై వచ్చింది. ఏనుగు కాదు, కంగారు పడకండి. ఆ వైపు చిన్న సరుకు బండిని ముద్దుగా అలా పిలుస్తారు. వెనక రంగి, మాది, నేను, మునెమ్మ, ఇంకో అయిదుగురు ఆడవాళ్లు, ఒక బస్తా అనపకాయలు. ఆ బస్తా ఎందుకంటే కూర్చునే చోట చేతులు ఊరికే ఉండకూడదట.

ఆస్పత్రి గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మా దండును చూసి లాఠీ అడ్డం పెట్టాడు. రోగితో ఒక్కరే ఉండాలట. అప్పుడు బయటపడింది మునెమ్మ వాళ్లు చేసిన పొరపాటు. ఆరు దినాల బదులు ఉంటే, ఒక మనిషి ఆరు దినాలు వెళ్లినా, ఆరుగురు ఒక్క దినం వెళ్లినా చేనుకు ఒకటే. కలుపు తీరిపోతుంది. అందుకని, మాదికి ఒక్క పూటలో బదులు తీర్చేద్దామని ఆరుగురూ కలిసి వచ్చేశారు. రోగి పక్కన కూర్చోడం కలుపు లాంటిది కాదని, ఈరోజు ఆరుగురు కూర్చున్నా రేపు మళ్లీ ఒకరు కావాలని ఎవరికీ తట్టనేలేదు. మునెమ్మ నెత్తి కొట్టుకుని నవ్వింది. మిగతావాళ్లకు నవ్వు ఆగలేదు. రంగి కూడా నవ్వింది, నేను చూడగా అదే మొదటిసారి.

సెక్యూరిటీ మనిషికి నవ్వు రాలేదు. రక్తసంబంధం ఎవరికుందో ఆ ఒక్కరూ రండి, మిగతావాళ్లు వెళ్లండి అన్నాడు, తమిళంలో. ఆ రోజంతా తమిళం మాటలు నాకు పక్కనున్నావిడే తెలుగు చేసి చెప్పింది. మునెమ్మ మాత్రం తెలుగులోనే జవాబిచ్చింది.

"రక్తసంబంధం లేదప్పా. బదులు సంబంధం ఉండాది. నా కంటికి గుడ్డ కట్టినప్పుడు ఈ పిల్ల తల్లి ఈడే నా పక్కన కూసోనుండింది. ఆ పొద్దు నువ్వు అడగలేదే."

అతను తెలుగు రానట్టు ముఖం పెట్టాడు. ఆ తర్వాత రోజుల్లో తెలిసింది, వాళ్లది కుప్పం పక్క పల్లే, నాకంటే చక్కగా మాట్లాడతాడు. వెనక జనం తోసుకుంటుంటే చేసేది లేక దారిచ్చాడు.

వరండా

లోపల అసలు కథ మొదలైంది. చీటీలు రాసే ఆవిడ రంగి పేరు, కాలనీ పేరు విని పెన్ను కింద పెట్టింది. ఈ ఇరుళవాళ్లు ఉండరు, తెల్లారేలోపు పారిపోతారు, మంచం దండగ, అంది. మంచాలు లేవు, ఇంకో ఆస్పత్రికి పొండి అంది. మా కళ్లెదురుగా తలుపులోంచి రెండు ఖాళీ మంచాలు కనిపిస్తున్నాయి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. గోదావరి జిల్లా తెలుగులో ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. ఆవిడకు ముక్క అర్థం కాలేదు, గొంతు మాత్రం అర్థమైంది, సెక్యూరిటీని పిలిచింది. మునెమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"అరవద్దమ్మా. అరిస్తే మనల్ని బయటికి పంపను వాళ్లకి సాకు దొరుకుతాది. కూసో. కూసున్నోళ్లని లేపేది కష్టం."

కూర్చున్నాం. వరండాలో గోడవారగా వరసగా, చేలో కలుపుకు కూర్చున్నట్టే. రంగిని మధ్యలో పడుకోబెట్టారు, తల మాది ఒళ్లో. బస్తా విప్పారు. అనపకాయలు ఒలవడం మొదలైంది. ఆ పచ్చి కాయల వాసన మందుల కంపును మింగేసింది. వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఎవరైనా అడిగితే మునెమ్మ ఒకటే మాట చెబుతోంది, ఈ పిల్లకు రక్తం లేదు, మంచం ఇస్తారని కూర్చున్నాము. గొంతు పెంచదు, మాట మార్చదు. అడిగినవాళ్లు లోపలికెళ్లి అదే అడుగుతున్నారు. అలా గంట గడిచేసరికి వరండాలో ఉన్న ప్రతి మనిషికీ రంగి సంగతి తెలిసిపోయింది.

మధ్యలో ఒకాయన మెడలో కార్డు వేసుకుని వచ్చి, నేను చదువుకున్నదాన్నని గుర్తుపట్టాడో ఏమో, నాకు తెలుగులోనే మర్యాదగా చెప్పాడు. ఈ జనానికి అవగాహన లేదు మేడమ్, అదే మన సమస్య అని. అవగాహన! వాసన అన్నవాళ్లకు ఉందా అవగాహన? ఖాళీ మంచం పెట్టుకుని లేదన్న ఆవిడకు ఉందా? ఒక్కసారి అవమానపడిన చోటికి, పొట్టలో బిడ్డతో మళ్లీ నడిచి వచ్చిందే, ఆ పిల్లకు ఉన్నంత అవగాహన ఈ కట్టడం మొత్తంలో ఎవరికుందో చూపించమన్నాను. గొంతు పెంచలేదండోయ్. కూర్చునే అన్నాను.

మధ్యాహ్నం దాటాక ఒక కుర్ర డాక్టరమ్మ బయటికొచ్చింది. రంగి కనురెప్ప తీసి చూసింది. తర్వాత చీటీలావిడ వైపు తిరిగి తమిళంలో గట్టిగా ఏదో అంది. అయిదు నిమిషాల్లో లేని మంచం వచ్చింది. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ, వీళ్లు ఉంటారా అని మాదిని అడిగితే, ఆరుగురూ ఒకేసారి ఉంటామన్నారు.

వార్డులో

పొరపాటున ఒకేసారి వచ్చినవాళ్లు అక్కడే వంతులు వేసుకున్నారు. ఇద్దరు ఉండటం, మిగతావాళ్లు ఊరికెళ్లి మర్నాడు మార్చుకోవడం. నేనూ ఒక వంతు అడిగాను. నీ చేను యాడుందమ్మా, మేము బదులెట్ల తీర్చేదని సందేహం వచ్చింది. కాకినాడలో రెండో అంతస్తులో ఉంటానని, కుండీలో తులసి తప్ప చేను లేదని చెప్పాను. ఆ తులసికి కలుపు తీయను ఇంతదూరం ఎవరు పోతారని ఒకటే నవ్వులు. మాది మాత్రం నవ్వకుండా, చేను లేనోళ్లు కూడా కూర్చోవచ్చు అంది. దాంతో నా వంతు ఖాయమైంది.

రక్తం కావాలన్నారు, ఇచ్చేవాళ్లను తెచ్చుకోమన్నారు. మునెమ్మ వాళ్లకు అదంటే భయం, రక్తమిస్తే గొర్రెల వెనక నడిచే సత్తువ పోతుందని. నేను సుధకు ఫోను చేశాను. షిఫ్టు దిగి ముగ్గురు పిల్లలూ బస్సెక్కి వచ్చారు. వరంగల్ పిల్లకు సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయట, కళ్లు మూసుకుని ఇచ్చింది. ఇప్పుడు మునెమ్మకు పెద్ద చిక్కొచ్చి పడింది, ఒక సంచి రక్తానికి చేలో ఎన్ని దినాలు బదులని. తేలక తల పట్టుకుంటే సుధ తేల్చేసింది, మాలో ఎవరికి జ్వరమొచ్చినా మీరొచ్చి కూర్చోవాలి అని. మునెమ్మ సరే అని సుధ చేతిలో చెయ్యి వేసింది. దిక్కులేని ఊరన్న పిల్లకు ఆ పూట ఒక ఊరు దొరికింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, దాచుకోలేదు.

నా వంతు రోజున రంగి పక్కన నేనూ కూర్చున్నాను. సాయంత్రం పూట, సంచిలోంచి దిగుతున్న రక్తాన్ని చూస్తూ తనే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు ఎవురన్నా ఒకరు నా పక్కన ఇట్ల కూసోనుంటే, నేను పోయుండనమ్మా."

కాళ్లు పట్టాను. వద్దంది, పట్టనిచ్చింది.

తర్వాత రెండు రోజులకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆ రోజు వంతు మునెమ్మది. లోపలికి రానివ్వకపోతే తలుపు అవతల నిలబడి, రంగికి వినపడేలా, నేనీడే ఉండాను, నేనీడే ఉండాను అని అంటూనే ఉందట. ఆడపిల్ల పుట్టింది. చేటలో పెడితే చేటలో పావు వంతుకు రాదు, అంత చిన్నది. తల్లి దక్కింది. పిల్లను వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఇంకా రెండు మూడు వారాలు ఉండాలన్నారు, తల్లి అక్కడే ఉండి పాలు పిండి ఇస్తేనే పిల్ల నిలుస్తుందన్నారు.

అసలు గండం ఇదేనని అందరికీ తెలుసు. నొప్పుల భయం పోయింది, ఇంటిమీద మనసు లాగుతుంది, కసిరేవాళ్లు కసురుతూనే ఉన్నారు. లేచి వెళ్లిపోతే పిల్ల దక్కదు.

తిరుగు బస్సు

నా సెలవు ఎప్పుడో అయిపోయింది. మా ఆయన ఫోనులో, వస్తావా నన్నే అక్కడికి రమ్మంటావా అని అడిగారు. వెళ్లే రోజు పొద్దున, బస్టాండుకు పోయేముందు చూసి వెళ్దామని సంచి భుజాన వేసుకుని ఆస్పత్రికి వచ్చాను. వార్డులో రంగి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది.

మాది కోసం వెతికాను. ఆ రోజు వంతు మాదిది, ఆమె కింద మందుల గది దగ్గర వరసలో ఉంది, ఏమీ తెలియదు. పక్క మంచం ఆమెను అడిగితే, పాలు ఇచ్చొచ్చి అటు వెళ్లిందని గేటు వైపు చూపించింది. చీటీలావిడ నన్ను చూసి, చెప్పానా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఆవిడను పట్టుకుని నాలుగు కడిగేయాలనిపించింది. కానీ ఆ క్షణంలో నేనూ ఆవిడ అనుకున్నదే అనుకున్నాను. పరుగెత్తాను.

రంగి గేటు దగ్గరే ఉంది. ఆస్పత్రి గౌను మీద శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఒక చేత్తో ఇంకో పిల్ల మణికట్టు పట్టుకుంది. నిండు నెలల పిల్ల, కొండమీది ఏదో కాలనీ నుంచి ఒక్కతే వచ్చిందట. చీటీల దగ్గర కసిరితే వెనక్కి తిరిగి గేటు దాటబోతుంటే రంగి కిటికీలోంచి చూసింది. ఆ పిల్ల ఏడుస్తూ చెయ్యి లాక్కుంటోంది. రంగి వదలడం లేదు. సెక్యూరిటీ మనిషి ఈసారి శుభ్రమైన తెలుగులోనే, బాలింతవి చలిలో నిలబడకు, పోయి నీ మంచంలో పడుకో అని రంగిని అదిలిస్తున్నాడు.

"పోతానప్పా," అంది రంగి. "ఈమెకి మంచం సూపించు. అప్పుడు పోతాను."

అతను నన్ను చూసి, మీరన్నా చెప్పండమ్మా అన్నాడు. నా బస్సుకు టైమైపోతోంది. సంచి దించి గోడకు ఆనించి, ఆ పిల్ల రెండో చెయ్యి పట్టుకున్నాను. ముగ్గురం లోపలికి నడిచి, చీటీలావిడ బల్లకు ఎదురుగా, నేలమీద కూర్చున్నాం.